దుమ్ము మిషను దాహం

సింహాచలం కన్నతల్లి కాళ్లు ఏడాదికోసారి కూడా కడిగిన పాపాన పోలేదు గానీ, కంపెనీ వారి దుమ్ము మిషను చుట్టూ మాత్రం రోజుకి పదకొండుసార్లు నీళ్లు చల్లుతాడు.

గనికి పోయే పెద్ద గేటు పక్కన, గెస్టుహౌసు పచ్చగడ్డి అంచున, నాలుగు ఇనపకాళ్ల మీద నిలబడి ఉంటుంది ఆ మిషను. పైన సోలారు పలక, కింద బ్యాటరీ, మధ్యలో గాలి పీల్చే గొట్టం. గాలిలో దుమ్మెంత ఉందో చూసి, ఆ అంకెని లోపలున్న సిమ్ముకార్డుతో ముంబయి హెడ్డాఫీసుకీ, రాయపూర్లో సర్కారు వారికీ, ఇంకా ఏ సముద్రానికి అవతలో కూర్చుని కంపెనీలకి మార్కులు వేసే పెద్దలకీ చెబుతూ ఉంటుంది. అంకె చిన్నదైతే కంపెనీ మంచిది, పెద్దదైతే చెడ్డది. ఇంతే సంగతి. ఈ పాటి సంగతికి చక్రధరరావుగారు మే నెలలో కోటు తొడుక్కుని గంటన్నరసేపు తెర మీద బొమ్మలు చూపిస్తాడు. ఆయన కంపెనీలో సస్టెయినబిలిటీకి పెద్ద. అంటే కంపెనీ మంచితనం చూసుకోవడం ఆయన ఉద్యోగం. మిగతా వాళ్లకి ఆ బాధ్యత లేదు.

ఒకప్పుడు మూడు ట్యాంకర్లు ఉండేవి. గని నుంచి కింద లోడింగు యార్డు దాకా ఎనిమిది కిలోమీటర్ల మట్టిరోడ్డూ తడిపేవి. ఆ తర్వాత నీటి పొదుపుకి కూడా మార్కులున్నాయని ఎవరో కనిపెట్టారు. రెండు ట్యాంకర్లు పీకేశారు. మిగిలిన ఒక్కటీ, సింహాచలం తోలేది, మిషను చుట్టూ తిరిగితే చాలన్నారు. దుమ్ము లేదని కొన్ని మార్కులు, నీళ్లు వాడలేదని కొన్ని మార్కులు. మార్కులు పెరిగేసరికి విదేశీ బ్యాంకొకటి మురిసిపోయి తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఆ అప్పుతో నలభై కొత్త డంపర్లు వచ్చాయి. కంపెనీ ఎంత మంచిదైతే రోడ్డు మీద అంత దుమ్ము లేచింది. ఇందులో మతలబు ఏమీ లేదు. ఏడో తరగతి తప్పి బొబ్బిలి దగ్గర పల్లె వదిలిపెట్టి వచ్చిన సింహాచలానికే అర్థమైంది, బోర్డులో కూర్చున్న వాళ్లకి అర్థం కాకుండా ఉంటుందా? అర్థమైతే జీతం ఆగిపోతుందని భయమేమో.

ముప్పయ్యేళ్ల కిందట మేనమామ వెంట కిరండూలు ఇనపగనికి వచ్చాడు. అక్కడ పర్మనెంటు కాలేక, చేతికి దొరికిన బండి తోలుకుంటూ ఈ గని దగ్గర తేలాడు. ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, గూడేల్లో దోర్లీ మాట్లాడతాడు. తెలుగు ఇంట్లోకీ, తిట్లకీ అట్టేపెట్టుకున్నాడు.

అతని పెళ్లాం అప్పలకొండమ్మకి పటేల్ పారా మలుపులో టిఫిను బడ్డీ ఉంది. ఈ కొండ కింద ఊళ్లన్నీ ఇలా పారాలు పారాలుగానే ఉంటాయి, అరమైలుకో పది గుడిసెలు. సరిగ్గా ఆ మలుపులోనే డంపర్లు గేరు మారుస్తాయి. మారిస్తే చక్రం కింద నుంచి ఎర్రటి మేఘం ఒకటి లేచి, బడ్డీ మీదా, పటేల్ పారా మీదా, చెట్ల మీదా, కోళ్ల మీదా కూర్చుంటుంది. ఆ పారాలో తెల్లకోడి పుట్టి మూడేళ్లయింది. పుట్టినా ఎవరికీ తెలియలేదు.

పోయిన సంక్రమణం వెళ్లాక అప్పలకొండమ్మకి దగ్గు పట్టుకుంది. జగదల్‌పూర్ తీసుకుపోతే ఛాతీ డాక్టరు ఫొటో తీసి, దీపానికెదురుగా పెట్టి చూసి, పెదవి విరిచాడు. "ఇంకో ఎండాకాలం ఇదే దుమ్ము పీలిస్తే పక్కన గాలి సిలిండరు పెట్టుకుని పడుకోవాలి. దుమ్ము మానెయ్యమనండి" అన్నాడు.

ఆసుపత్రి మెట్ల మీద కూలబడి అప్పలకొండమ్మ నవ్విన నవ్వుకి దగ్గు ఆగలేదు.

"మానెయ్యాలంటాడేటయ్యా, నానేటి దుమ్ముని సుట్టలాగ కాలుస్తన్నానా?"

"ఊరెల్లిపోదామే కొండమ్మా."

"ఏ ఊరు? ముప్పయ్యేళ్లయిపోనాది. అక్కడ నన్నెవులు పోల్చుకుంటారు? ఇక్కడ నా అల్లం సెట్నీకి డంపరోళ్లు హారనేసి నిలబడతారు. అక్కడికెల్తే నానెవుర్ని? సింహాచలం పెళ్లాన్ని. అదీ ఒక బతుకేనేటి?"

రోడ్డు తడిసి ఉంటే చాలు, అనుకున్నాడు సింహాచలం. ఆ మలుపు ఒక్కటీ తడిసి ఉంటే అదిక్కడే బతుకుతుంది. రోజుకి రెండు ట్యాంకర్ల నీళ్లు. అంతకంటే దేవుణ్ణి కూడా అడగఖ్ఖర్లేదు. దేవుడి దగ్గర ట్యాంకరు ఎలాగూ లేదు కాబట్టి చక్రధరరావు దగ్గరికి పోయాడు.

చక్రధరరావుగారు ఏసీ గదిలో కూర్చోబెట్టి, గాజుగ్లాసులో నీళ్లిచ్చి, ఓపిగ్గా విన్నాడు. మర్యాదస్తుడు. అలాంటివాళ్లతోనే చిక్కు, తిట్టడానికి చోటివ్వరు.

"నీ బాధ నాకు అర్థమైంది సింహాచలం. కానీ దేనికైనా ఒక పద్ధతుంది కదా. ముందు సైటు కమిటీకి రాయాలి. వాళ్లు పర్యావరణ కమిటీకి పంపుతారు. అక్కణ్ణించి బోర్డు కింద సస్టెయినబిలిటీ కమిటీకి పోతుంది. అందులో ముగ్గురు ఇండిపెండెంటు డైరెక్టర్లు ఉంటారు. మూణ్ణెల్లకోసారి కూర్చుంటారు."

"కూకుని ఏటి సేస్తారు సార్?"

"పరిశీలిస్తారు."

"దేన్ని సార్? రోడ్డునా?"

"రోడ్డుని కాదయ్యా, రిపోర్టుని."

"ఆ రిపోర్టు ఎవులు రాస్తారు?"

"నేనే."

సింహాచలం గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అంటే మీరు రాసింది ఆళ్లు సూసి, బాగుందని మల్లీ మీకే సెప్తారు."

"గవర్నెన్సంటే అదేనయ్యా. ఎవడిష్టం వచ్చినట్టు వాడు చెయ్యకుండా ఉండడానికే ఇదంతా."

"పోనీ కమిటీలొద్దు సార్. పదకొండు తడవల్లో రెండు ఆ మలుపులో తడిపేస్తాను."

"అక్కడ మిషను లేదు కదా. మిషను లేనిచోట పోసిన నీళ్లు వృథా కింద చూపించాలి."

"అక్కడ మనుషులున్నారు సార్."

చక్రధరరావు నిజంగానే బాధపడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉన్నారు. కానీ మనుషులు అంకె ఇవ్వరు, సింహాచలం."

ఆ మర్నాడు సింహాచలం మాట వినకుండా ట్యాంకరుని మలుపు దాకా పోనిచ్చి ఒక తడవ తడిపాడు. ట్యాంకరులో దారి చూపే యంత్రమొకటుంది. అది కుయ్యో మొర్రో అంది. సాయంత్రానికి హిందీలో నోటీసొచ్చింది. ఇంకొక్కసారి దారి తప్పితే గేటుపాసు రద్దు. కంపెనీలో అన్ని పనులకీ మూడు నెలలు పట్టవు. కొన్ని పనులు సాయంత్రానికే అయిపోతాయి.

నోటీసు మడిచి జేబులో పెట్టుకుని బడ్డీ ముందు బల్ల మీద కూర్చుంటే, పటేల్ పారా పెద్ద జోగ వచ్చి పక్కన చేరాడు. జోగ ఎనిమిదేళ్లు భద్రాచలం అవతల మిరపతోటల్లో కాయ కోశాడు. అతని తెలుగు అక్కడిదే. వెంట చెల్లెలు లక్కే ఉంది. ఆమెని ఇచ్చింది పక్కనున్న స్కూల్ పారాలో.

"ఏంది బావా, మొకం గట్ల పెట్టినవ్? లారీ తప్పించుకున్న కోడి లెక్క."

సింహాచలం నోటీసు చూపించి, కథంతా చెప్పాడు. జోగ టీ ఊదుకుంటూ విన్నాడు.

"అంటే నీళ్లు మిషనుకే పోస్తరు."

"మిషనుకే."

"మిషను యాడుంటే ఆడ పోస్తరు."

"ఊఁ."

"మరి మిషన్ని తెచ్చుకుంటే అయిపాయె గద."

సింహాచలం తల తిప్పి చూశాడు. జోగ నవ్వడం లేదు.

"మా దిక్కు దేవుడు రాకపోతే కూసొని ఏడ్వం బావా. ఇంట్ల ఎవలకన్న పాణం బాగలేకపోతే నలుగురం పోయి భుజం మీద తోలుకొస్తం. ఆంగ దేవుణ్ణి చూళ్లేదా నువ్వు?"

చూడకేం, ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాడు. కర్రల చట్రంలో ఉంటాడు ఆ దేవుడు. నలుగురు భుజాన ఎత్తుకుంటారు. ఎటు పోవాలో మోసేవాళ్లు కాదు, ఆయనే నిర్ణయిస్తాడు. ఆయన ఎటు ఊగితే అటు వీళ్ల కాళ్లు పడతాయి.

"జోగా, అది దేవుడు కాదురా అయ్యా, కంపెనీ సామాను."

"నాకెరుకలేనిదా? దేవుడైతే దినాం పదకొండు తడవల నీళ్లు అడగడానికి సిగ్గుపడతడు."

లక్కే అప్పటిదాకా మాట్లాడలేదు. ఇప్పుడు ఒక్కటే అడిగింది. "ఎంత బరువుంటది?"

"రెండు బియ్యం బస్తాలు" అన్నాడు సింహాచలం. అన్నాక గానీ తను ఒప్పుకున్నట్టు అతనికే తెలియలేదు.

లోపల అప్పలకొండమ్మ దగ్గుతోంది. దగ్గి దగ్గి, ఇడ్లీ పాత్ర పట్టుకుని వంగి నిలబడిపోయింది. గేటుపాసు పోతే ఏమవుతుందో సింహాచలం ఒకసారి ఆలోచించాడు. రెండోసారి ఆలోచించలేదు.

గురువారం మార్కులేసే పెద్దల తరఫున ముంబయి నుంచి ఒక మేడం వస్తోందన్నారు. ఆ పొద్దున కంపెనీ పెద్దలంతా గెస్టుహౌసు వెనక హాల్లో స్వాగతం రిహార్సల్సులో ఉన్నారు. ఎవరు పూలగుత్తి ఇవ్వాలి, ఎవరు ఎంత వంగాలి అని. గేటు దగ్గర ఒక్క గార్డు, కొత్తగా వచ్చినవాడు. సింహాచలం నీళ్లు చల్లుతున్నట్టే వచ్చి, ట్యాంకరుని మిషనుకి అడ్డంగా ఆపి, పంతొమ్మిది నంబరు పానా తీశాడు. నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోదానికి వాళ్లమ్మని గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

జోగ, అతని పారా కుర్రాడు సోమారు, ఇంకో ఇద్దరు రెండు సాలచెట్టు కర్రలు తెచ్చారు. అడవితీగతో ఇనపకాళ్లకి అటొకటీ ఇటొకటీ కట్టి భుజానికెత్తారు. సోలారు పలక మీద ఎండ పడి వెనకున్న సోమారు కళ్లలోకి కొడుతుంటే లక్కే తన భుజం మీది తువ్వాలు తీసి పలక మీద వేసింది. అంతే. పూలు పెట్టలేదు, నెమలీకలు కట్టలేదు. సింహాచలం ముందురోజే అడిగాడు, దేవుడి గుడ్డ కప్పితే ఎవరూ ఆపరు కదా అని. జోగ కళ్లెర్రజేశాడు. "దేవుడి గుడ్డ మిషనుకెట్ల కప్పుతం బావా? పట్టుబడితే దొంగలమని చెప్తం గని, గా పని చెయ్యం."

మిషనుకి బ్యాటరీ ఒక పక్కే ఉంది. బరువంతా ఎడమకి లాగుతోంది. నలుగురూ నాలుగడుగులు ముందుకి, రెండడుగులు ఎడమకి పడుతున్నారు. "ఇది మాట వింటలేదు!" అని సోమారు నవ్వాడు. నవ్వితే ఇంకా ఊగింది. అలా ఊగుతూ, తూలుతూ, తువ్వాలు కప్పుకుని గేటు దగ్గరికి వచ్చింది.

గార్డు చూశాడు. ఉద్యోగంలో చేరినప్పుడు అతనికి తొమ్మిది రోజుల శిక్షణ ఇచ్చారు. అందులో ఒక పూటంతా ఆదివాసీల మనోభావాల గురించే. ఊళ్లో దేవుడు ఊరేగుతూ వస్తే ఆపవద్దు, అడగవద్దు, టోపీ తీసి నిలబడు. ఎప్పుడో ఒకసారి ఆపినందుకు మూడు రోజులు గని మూతపడిందట. గార్డు గబగబా గేటు బార్లా తెరిచి, టోపీ తీసి, చెప్పులు కూడా విప్పి, పది రూపాయల బిళ్ల ఒకటి జోగ చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

"తీసుకున్నావేటిరా?" అన్నాడు వెంట నడుస్తున్న సింహాచలం, గేటు దాటాక.

"తీసుకోకుంటే పాపం బాధపడతడు" అన్నాడు జోగ.

మిషనుని బడ్డీ పక్కన బండరాయి మీద దింపారు. లక్కే తువ్వాలు తీసుకుంది. అప్పుడే రెండు డంపర్లు గేరు మార్చాయి. మిషను తన జన్మలో మొదటిసారి నిజమైన గాలి పీల్చింది.

రిహార్సల్సులో ఉన్న చక్రధరరావు జేబులో ఫోను మోగింది. అంకె ఏడొందలు దాటింది. అతను కంగారుగా బయటికి పరిగెత్తి చూస్తే, మిషను ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. ఇంతలో మేడం కారు దిగనే దిగింది. మెళ్లో గింజల దండ, చేతిలో ఫోను. ఆ ఫోనులోనూ అదే అంకె, పక్కన మ్యాపులో మిషను ఎక్కడుందో చూపించే ఎర్రచుక్క.

"మీ మిషను ఊళ్లోకి నడిచి వెళ్లినట్టుందే" అంది హిందీలో. "పదండి, అక్కడికే పోదాం."

పూలగుత్తి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

పటేల్ పారా మలుపులో నాలుగు కార్లు ఆగాయి. మిషను చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. చక్రధరరావు దిగుతూనే సింహాచలం పక్కకి వచ్చి చెవిలో తెలుగులో అన్నాడు. "నీకు దణ్ణం పెడతాను. వాళ్లేమన్నా నువ్వు మాత్రం మంచిగా చెప్పు. నీ ఉద్యోగం, నా ఉద్యోగం ఒకే తాడుకి వేలాడుతున్నాయి."

మేడం జోగని అడిగింది, ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని.

"మోసుకొచ్చినం" అన్నాడు జోగ.

"ఎందుకు?"

"దుమ్ము ఈడుంది. దుమ్ము లేనికాడ కూసొని దుమ్ము లేదని చెప్పుడు పెద్ద తెలివా? గా పని మా ముసల్ది సుత చేస్తది."

పై నుంచి ఏ సారొచ్చినా సింహాచలమే మధ్యలో నిలబడి మాటలు మార్చేవాడు. ప్రతిసారీ చెంచాడు పంచదార కలిపేవాడు. ఈసారి కలపలేదు. ముసల్దానితో సహా ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేశాడు. చెప్పి, పెళ్లాం వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది.

మేడం మెల్లగా చక్రధరరావు వైపు తిరిగింది.

చక్రధరరావు గుటక వేశాడు. ఆ ఒక్క గుటకలో ఆ మనిషి పదిహేనేళ్ల అనుభవమంతా ఉంది. "మేడం, మీకు చెప్పకుండా చూపించాలనుకున్నాం. ఇది మా కొత్త పద్ధతి. ప్రజలే గాలిని కొలుచుకుంటారు. మిషను వాళ్లది. ఎక్కడ పెట్టాలో వాళ్లే నిర్ణయిస్తారు."

"మరి అంకె ఏడొందలుందేం?"

"దాచలేదు కదా మేడం. అదే మా పారదర్శకత."

వెనక కారులో వచ్చిన గార్డు, అడగకపోయినా ముందుకొచ్చి, ఊరివాళ్లు దాన్ని ఎంత భక్తిగా మోశారో, తను చెప్పులు విప్పిన సంగతితో సహా చెప్పాడు. జోగ పది రూపాయల బిళ్లని గుప్పిట్లో మూశాడు. మేడం కళ్లు చెమర్చాయి. కళ్లలో దుమ్ము పడిందో, మనసే కరిగిందో చెప్పలేం. మిషను పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. ఇరవై కంపెనీలు చూశాను గానీ, ప్రజలు ఇంత సొంతం చేసుకున్న యంత్రాన్ని చూడలేదంది. దొంగతనానికి ఇంత అందమైన పేరు పెట్టిన మనిషిని సింహాచలమూ చూడలేదు.

కార్లు పోయిన గంటకి చక్రధరరావు ఫోను చేశాడు. "సింహాచలం, నిన్ను తర్వాత చంపుతాను. ముందు ఆ మిషను చుట్టూ తడుపు. సోమవారానికి అంకె వంద లోపు ఉండాలి."

"ఎన్ని తడవలు సార్?"

"పన్నెండు! పదిహేను! పొయ్యవయ్యా!"

ఆ తర్వాత పది రోజులూ పటేల్ పారా మలుపు పెళ్లింటి వాకిలిలా తడిసి ఉంది. గోడకి చేరబడి కూర్చుని నిద్రపోయే అప్పలకొండమ్మ చాప మీద వెల్లకిలా పడుకుంది. చెట్ల ఆకులు పచ్చగా ఉంటాయని పారాలో చిన్నపిల్లలకి అప్పుడే తెలిసింది. అప్పలకొండమ్మకి ఊపిరి తిరిగొచ్చేసరికి నోరు కూడా తిరిగొచ్చింది.

"దుమ్ము పోయి బురదొచ్చినాది. డంపరెల్లినప్పుడల్లా నా పిండి మీద ఉచ్చోసినట్టు సిమ్ముతాది. కాస్త సూసి పొయ్యలేవా?"

"బురద మింగితే సావవే. మింగు."

కంపెనీకి మార్కులు ఇంకా పెరిగాయి. ఛైర్మనుగారికి ఢిల్లీలో శాలువా కప్పారు. ఇంకో పాతిక డంపర్లకి ఆర్డరు పోయింది. అవతల గేటు దగ్గర నీళ్లు లేక గెస్టుహౌసు గడ్డి ఎర్రబడింది, చక్రధరరావు బంగళా పరదాలు ఎర్రబడ్డాయి. పెద్దలంతా తుమ్ముతున్నారు. ఒక్క తడవ ఇటు కూడా తడపరాదా అని చక్రధరరావు మెల్లగా అడిగాడు.

"అక్కడ మిషను లేదు కదా సార్" అన్నాడు సింహాచలం. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో అతనికి అందిన బోనసు ఆ ఒక్క ముక్కే.

పదకొండో రోజు పొద్దున లక్కే వచ్చింది. వెనక స్కూల్ పారా మగవాళ్లు నలుగురు, రెండు కర్రలు.

"మా పారాకి తోలుకపోతం" అంది.

సింహాచలం ట్యాంకరు దిగి వచ్చి మిషనుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడికి తీసుకెల్తావు లక్కే? ఇప్పుడే గదా మా కొండమ్మకి ఊపిరాడింది. మా ఇంటిదానికి డాక్టరేటి సెప్పాడో నీకు తెల్దా?"

"ఎరుకే."

"ఎరికైతే మరి?"

"నా మనమరాలు సుత దగ్గుతది బావా. నాలుగేండ్ల పోరి. దాన్ని జగదల్‌పూర్ ఎవలూ తోల్కపోలే, ఫొటో తియ్యలే. ఫొటో తియ్యకుంటే దగ్గు కాదా?"

సింహాచలం జోగ వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. పారాల పెద్దలు అప్పటికే రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నారు. రిపోర్టు లేదు, తెర లేదు, కోటు లేదు. ఆకుదొప్పలో సల్ఫీ కల్లు ఒక చుట్టు తిరిగింది. రోడ్డు వెంట పారాలు ఐదు. ఒక్కో పారాకి నాలుగు దినాలు. ముందు స్కూల్ పారా, తర్వాత కిందికి వరస. దొప్ప రెండో చుట్టు తిరక్కముందే అయిపోయింది.

"జోగా, నీ పారా కూడా ఎండుతాది గదరా" అన్నాడు సింహాచలం. గొంతులో తనకే నచ్చని ఏడుపు వినిపించింది.

"ఎండుతది. పదారు దినాలు ఎండుతది" అన్నాడు జోగ. "దేవుణ్ణి ఒక్కింట్ల కట్టేసుకుంటమా బావా? గట్ల చేస్తే మనకూ కంపెనోనికి ఫరకేంది?"

సింహాచలం గిర్రున వెనక్కి తిరిగాడు. బడ్డీలోకి పోయి, మూకుడుని తన్ని, కంపెనీనీ, జోగనీ, లక్కేనీ, ఆమె మనవరాలి దగ్గునీ, చివరికి డాక్టరు తల్లినీ వరసపెట్టి తిట్టాడు. నాలుగు రోజులు గాలి, పదహారు రోజులు దుమ్ము. డాక్టరు అలా బేరం పెట్టలేదు.

అప్పలకొండమ్మ పిండి కలుపుతూ అంతా విని, చెయ్యి కడుక్కుంది.

"స్కూల్ పారాలో పొయ్యెట్టుకోడానికి సోటుందా?"

"ఏటే?"

"బోరింగుందా, నేదా? డంపర్లు అక్కడ ఆగడానికి జాగా ఉందా? అది సెప్పు."

"నీకు మతిగాని పోనాదా?"

"దోర్నపాల్ నుంచి ఎర్రబోరు దాకా సంతలెంట నెత్తి మీద గంపెట్టుకుని తిరిగినదాన్ని. మిషనెంట తిరగలేనేటి? అది ఎక్కడ కూకుంటే నానక్కడ కూకుంటాను. డంపరోళ్లకి నా సెట్నీ కావాలంటే ఆళ్లే ఎతుక్కుంటారు. ఆ గ్యాసుబండ ఎత్తు."

లక్కే లోపలికి వచ్చి, ఏమీ అనకుండా ఇడ్లీ రేకులు గంపలో సర్దడం మొదలుపెట్టింది. "మా ఇంటి పక్కన చింత కింద జాగుంది అక్కా" అంది. "బోరింగు సుత ఉంది. గని, నీళ్లు ఎర్రగొస్తయి."

"వడకట్టుకుంటాన్లే."

కంపెనీ బండిలో ఆడమనిషి ఎక్కకూడదని రూలుంది. అప్పలకొండమ్మ పిండిగిన్నె ఒళ్లో పెట్టుకుని సింహాచలం పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. గ్యాసుబండ ఆమె కాళ్ల దగ్గర, బల్ల ట్యాంకరు వెనక తాళ్లతో. ముందు నలుగురి భుజాల మీద మిషను ఎడమకి తూలుతూ పోతోంది. దాని పక్కన లక్కే. వెనక ట్యాంకరు, మనిషి నడక కంటే మెల్లగా, నీళ్లు చిమ్ముతూ. మిషను చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండాలని చక్రధరరావే ఫోను తర్వాత రాతమూలకంగా కూడా ఆర్డరిచ్చాడు. కాబట్టి దారి చూపే యంత్రం కూడా కిక్కురుమనలేదు.

ట్యాంకరు వెనక ఒక డంపరు ఆగింది. దాని వెనక ఇంకొకటి. రోడ్డు సన్నం, దాటడానికి లేదు. సద్దివేళకి కొండ మలుపు దాకా డంపర్లు బారుతీరాయి. పైన గనిలో లోడింగు ఆగింది, కింద యార్డులో రైలు ఎదురుచూస్తోంది. హారన్లతో కొండ దద్దరిల్లుతోంది.

ఫోను మోగింది. చక్రధరరావు. "సింహాచలం! యాభై బండ్లు నిలబడిపోయాయట! కొంచెం పక్కకి తప్పుకోవయ్యా!"

"మిషను ముందరుంది సార్. నాను తప్పుకుంటే దుమ్ము లెగుస్తాది. అంకె పెరిగిపోతాది. ఏటి సెయ్యమంటారో రాసి పంపండి."

అవతల ఒక తుమ్ము వినబడి ఫోను ఆగిపోయింది.

సింహాచలానికి ఉత్సాహం పుట్టి కాస్త గట్టిగా తొక్కాడు. ట్యాంకరు ముందుకి ఎగిరింది. అప్పలకొండమ్మ గిన్నెని రెండు చేతులా వాటేసుకుని, అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

"మెల్లగా పోనీరా నాయనా! పిండొలికిపోతాది."